తిరగేసి కట్టిన లైటు

జనవరి 12, ఆదివారం

ఇవాళ్టి నుంచి నేను ఉత్త మొబైల్ రిపేరువాణ్ణి కాదు. ఒక వస్తువును మొదటి నుంచి చివరిదాకా నా చేతులతో తయారుచేశాను. కువైట్ ఖైతాన్‌లో మా వీధి నిండా రిపేరు షాపులే. ఒక్కడిని చేసి చూపించమను. పగిలిన అద్దాలు మార్చడం తప్ప ఏమొచ్చు వాళ్ళకి?

ఖలందర్ మామ పోయినవారం షాపుకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. అమ్మకు సొంత తమ్ముడు. సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంట్లో పనివాళ్ళందరూ యజమానురాలిని 'మామా' అంటారు కాబట్టి మా మామ కూడా మామా అనే అంటాడు. ఆ మామాకు కారులో సిగరెట్ వాసన తగిలిందట. ఇంకోసారి తగిలితే ఖలాస్, ఊరికి టికెట్ చేతిలో పెడతానందట.

"ముప్పై ఏండ్ల అలవాటురా వసీమూ. మానాలనుకుంటే చేతులు వణుకుతాండాయి. అదేదో ఆవిరి మిషను ఉందంట గదా, అదన్నా ఒకటి ఇప్పీరా" అన్నాడు.

కొనిస్తానా నేను? కొనడానికైతే ఎవడైనా చాలు, అల్లుడెందుకు? పారేసిన ల్యాప్‌టాప్ బ్యాటరీని విప్పి మంచి సెల్లు ఏరాను. మామ వాళ్ళ యజమానురాలు చెత్తలో వేసిన అత్తరు పెట్టె ఒకటి ఉంది, చెక్కది, మూత మీద పూలు చెక్కి ఉంటాయి. అన్నీ దాంట్లో ఇమిడ్చాను. బటన్ నొక్కితే కాయిల్ వేడెక్కుతుంది, దూదిలో ఉన్న నికోటిన్ ద్రవం ఆవిరవుతుంది, పీల్చుకోవడమే. వేపు అంటారు. నా గదిలో ఉండే రామాంజులు, కింద బకాలా కొట్లో సరుకులు సర్దుతాడు, వాడు చూసి నోరెళ్ళబెట్టాడు.

"అన్నా, దీన్ని అద్దాల బీరువాలో పెట్టు. కువైటీలు కార్లాపి మరీ కొంటారు" అన్నాడు.

అమ్మడానికా చేసింది? ఇది మామ కోసం. అసలు చెప్పాలంటే సైరా కోసం. మామ కూతురు. రాయచోటిలో స్కూలు టీచరు. రంజాన్ పండగ అయ్యాక మా నిఖా. ఒప్పుకునే ముందు ఆమె పెట్టిన షరతు ఒకటే: "మా నాయన పొగకు మాయమ్మకు ఆయాసం అంటుకునింది. పొగ తాగేవాడు నాకొద్దు." నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాను, నా జన్మలో సిగరెట్ ముట్టలేదని. అది నిజం. మా షాపులో, మా బిల్డింగులో ఆ మాట చెప్పగలిగినవాడు ఇంకెవడున్నాడు?

జనవరి 13

ఇచ్చేముందు టెస్టు చేయాలి కదా. ఒకసారి పీల్చి చూశాను. దగ్గు వచ్చింది. రెండోసారి రాలేదు. మామిడి వాసన. బాగుంది. అంటే, బాగా పనిచేస్తోంది.

జనవరి 17, శుక్రవారం

జుమ్మా నమాజు అయ్యాక మామ వచ్చాడు. ప్యాంటు జేబుకు బొక్క!

పెట్టె జేబులో ఉండగా స్టీరింగు తిప్పేటప్పుడు బటన్ నొక్కుకుందట. పెట్టెలోపల ఏం జరుగుతోందో బయటికి తెలియదు. తొడ కాలేదాకా మామకు తెలియలేదు. పైగా ఆయన బొటనవేలు మొద్దుబారింది, బటన్ నొక్కాడో లేదో ఆయనకే అర్థం కాదు. ఊరికే చీకుతూ కూర్చుని పనిచేయడంలేదంటాడు.

"దీనికి ఒక లైటు పెట్రా. ఆడుతుందో లేదో తెలుస్తాది" అన్నాడు.

సిగ్గుపడాలి నేను. ఇంత చేసి లైటు పెట్టడం మర్చిపోయాను. ఛార్జర్లకు ఉంటుంది, రౌటర్లకు ఉంటుంది, పది రూపాయల టార్చికి ఉంటుంది. వెంటనే తీసి పెట్టుకున్నాను.

జనవరి 19

చచ్చిన రౌటర్లోంచి పచ్చ ఎల్‌ఈడీ బల్బు పీకాను. ఆవగింజంత. పెట్టె మూత మీద చెక్కిన పువ్వు ఉంది కదా, దాని నడిమధ్యలో సన్న రంధ్రం పెట్టి అక్కడ కూర్చోబెట్టాను. పువ్వులో బొడ్డులాగా. ఎవరికొస్తుంది ఈ ఆలోచన?

సోల్డరింగు అయ్యాక సెల్లు పెట్టాను. బటన్ నొక్కకుండానే వెలిగింది! నొక్కితే ఆరిపోయింది. వదిలితే మళ్ళీ వెలిగింది.

కాసేపు నాకే బుర్ర తిరిగింది. తర్వాత చూసుకుంటే తెలిసింది. కాయిల్ రెండు కొసలకు కట్టాల్సిన లైటును స్విచ్ రెండు కొసలకు కట్టాను. ఈ మాట ఎవరికైనా తెలిస్తే ఈ వీధిలో తలెత్తుకు తిరగలేను. విప్పి సరిగా కట్టబోతున్నాను, ఇంతలో మామ తలుపు తోసుకుని వచ్చేశాడు. కారులో యజమానురాలు కూర్చుని ఉందట, హారన్ కొడుతోందట. "యల్లా, యల్లా, ఇటియ్యి" అని లాక్కున్నాడు.

తప్పు చేశానని చెప్పలేదు. "మామా, అందరివీ తాగేటప్పుడు వెలుగుతాయి. నీది తాగనప్పుడు వెలుగుతుంది. స్పెషల్ మోడల్" అన్నాను. గడ్డం ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. శుక్రవారం వస్తాడు కదా, అప్పుడు సరిచేస్తాను.

జనవరి 24, శుక్రవారం

సరిచేయనివ్వలేదు.

పెట్టెను రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు, దర్గా ప్రసాదం, తబర్రుక్ అందించినట్టు. "ఛార్జింగు పెట్టు. లైటు మాత్రం ముట్టద్దు" అన్నాడు.

"అది తిరగబడి ఉంది మామా. విప్పితే అయిదు నిమిషాల పని."

"వద్దురా. ఇట్లనే ఉండనీ." మూత మీది పువ్వును వేలితో తుడిచాడు. "చిన్నప్పుడు దర్గాలో మాయమ్మ దీపం పెట్టేది. నేను ఆటకు ఉఫ్ మని ఊదితే వీపు పగలగొట్టింది. ఆర్పడం అనే మాటనే నోట్లోంచి రానీదు. ఈ బటన్ నొక్కినప్పుడల్లా నా చేత్తో దీపం తీసేసినట్టు ఉండాదిరా. మనసొప్పదు. నిన్న పొద్దన్నుంచి నాలుగుసార్లే నొక్కినా."

రామాంజులు అన్నం తింటూ అందుకున్నాడు. "మా ఇండ్లల్లో గూడా అంతే గదన్నా. దీపం ఆరిందనకూడదు, కొండెక్కింది అనాల."

"అది రౌటర్లోంచి పీకిన బల్బురా! దీపమేంది, కొండెక్కేదేంది?" అన్నాను.

ఇద్దరూ నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూశారు.

సరే. ఏదైతేనేం, చేసింది నేను. ముప్పై ఏళ్ళుగా సైరా వాళ్ళమ్మ జుబేదా అత్త ఏడ్చి మొత్తుకున్నా తగ్గనిది నా చేతిలో తగ్గింది. లోకంలో ఇంత పెద్ద కంపెనీలున్నాయి, ఒక్కదానికి తట్టిందా ఇది?

జనవరి 27

ఆలోచిస్తే ఒక సంగతి తేలింది. మామ దాంట్లో రేపు ఏదైనా లోపం వస్తే ముందుగా నాకు తెలియాలి. తెలియాలంటే అలాంటిదే ఇంకొకటి నా దగ్గర ఉండాలి. కంపెనీలవాళ్ళు నమూనా ఒకటి ఉంచుకుంటారు కదా, అలా.

చేశాను. మొదటిదానికన్నా నున్నగా వచ్చింది. ఎర్ర లైటు పెట్టాను. ఈసారి సరిగ్గా కట్టాను: నొక్కితే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. నొక్కినప్పుడు వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి కాంతి, చూడ్డానికి ముచ్చటగా ఉంది. పనిచేసే వస్తువంటే ఇలా ఉండాలి.

జనవరి 29

టెస్టు.

జనవరి 30

టెస్టు. పుదీనా ఫ్లేవరు కూడా చూశాను, మామకు నచ్చుతుందేమోనని.

ఫిబ్రవరి 2

రామాంజులుకు నోటిదురుసు ఎక్కువైంది. "ఏమన్నా, ఖలందర్ మామ తగ్గించినాడు, నువ్వు మొదలుపెట్టినావే" అన్నాడు.

తాగడానికీ టెస్టు చేయడానికీ తేడా తెలియనివాడితో ఏం మాట్లాడతాం? సిగరెట్ తాగుతారు. దాంట్లో నిప్పుంటుంది, పొగుంటుంది, బూడిదుంటుంది. ఇందులో నిప్పేది, పొగేది? ఆవిరి. ఆవిరిని ఎవరూ తాగరు, పడతారు. జలుబు చేస్తే అమ్మ దుప్పటి కప్పి పసుపునీళ్ళ ఆవిరి పట్టలేదా? అప్పుడు నేను తాగుబోతునా?

ఇదే వాడికి చెప్పాను. బుర్ర గోక్కున్నాడు. నాదే గెలుపు.

ఫిబ్రవరి 6

సైరా వీడియో కాల్. స్కూలు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, భుజాన బ్యాగు తీయలేదు. ఆ బ్యాగుతోనే నవ్వుతోంది.

"ఇంజినీరు సాబ్, మా నాయనకు ఏం మంత్రం పెట్టినావు? నిన్న ఫోన్లో ఒక్కసారి గూడా దగ్గలేదు. మాయమ్మ నమ్మడంలేదు."

నేను కాలరు పైకెగరేసి చూపించాను. ఆ ఊపులో నా చెయ్యి అలవాటుగా పక్కకు పోయి, ఆ నమూనా నోటి దగ్గరికి వచ్చేసింది. తెరమీద ఎర్రగా వెలిగింది.

"ఏందది?"

"ఆవిరి పడుతున్నా. జలుబు" అన్నాను.

"అయ్యో, మిరియాల పాలు తాగు. చల్లనీళ్ళు ముట్టద్దు" అంది.

అబద్ధమేముంది ఇందులో? ఆవిరి పడుతున్నానన్నాను. పడుతున్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

రాసుకోవాల్సిన రోజు.

మామ వచ్చాడు. పెట్టె తీసి ఛార్జింగు పెట్టమన్నాడు. లోపల చూస్తే దూది పొడిబారిపోయి ఉంది. ద్రవం ఏమైందని అడిగాను. నవ్వాడు.

"ద్రవం లేదు, ఏం లేదు. పోయినవారం నుంచి నొక్కలేదు. ఛార్జింగు ఎందుకంటే ఆ దీపం ఉండనీ అని. కారులో ముందర పెట్టుకుంటాండా. మా మామా చూసి 'షిను హాదా', ఇదేంది అనింది. దీపం మామా అన్నా. కారంతా వాసన చూసి 'జైన్, జైన్' అనింది, బాగుందని."

నేను మామను గట్టిగా వాటేసుకున్నాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంజినీరింగ్ కాలేజీ గడప తొక్కనివాణ్ణి, డిప్లొమా సగంలో వదిలేసినవాణ్ణి. ఒక మనిషి ఊపిరిని కాపాడాను. నాకు నేనే సలాం కొట్టుకోవాలనిపించింది.

సంతోషంలో రెండు మూడుసార్లు ఎక్కువ టెస్టు చేశాను.

ఫిబ్రవరి 20

ద్రవం అయిపోయింది. షర్క్‌లో ఒక షాపులో చవకట, బస్సెక్కి వెళ్ళి తెచ్చాను. నమూనాకు ద్రవం లేకపోతే ఎలా?

ఫిబ్రవరి 25

కువైట్ జాతీయ దినం సెలవు. మామ, రామాంజులు, నేను సాల్మియా సముద్రం ఒడ్డున కూర్చున్నాం. అంతా జెండాలు, పిల్లలు నీళ్ళు చల్లుకుంటున్నారు. పండగైన మొదటి శుక్రవారం నిఖా అని ఇంట్లో అనుకున్నారట, మామ చెప్పాడు. నాకు టికెట్ ఆయనే చూస్తాడట.

మాటిమాటికీ లేచి నీళ్ళదాకా వెళ్ళొచ్చాను. "ఏంరా, కడుపు బాగలేదా?" అన్నాడు మామ.

"సైరా అడగమనింది. మూడు వారాలు కావస్తాంది, నీకు జలుబు తగ్గలేదంట. డాక్టరుకు చూపించుకో" అని కూడా అన్నాడు.

చూపించుకుంటానన్నాను.

మార్చి 1, శనివారం

రంజాన్ మొదలు. రోజా ఉన్నాను. తొమ్మిదో ఏట ఒక్కపొద్దులు మొదలుపెట్టాను, ఒక్క రోజా పోగొట్టుకోలేదు. టైఫాయిడ్ వచ్చిన ఏడాది పోయినవి కూడా తర్వాత లెక్కగట్టి ఉన్నాను. అమ్మ ఇప్పటికీ అందరికీ గొప్పగా చెప్పుకుంటుంది.

మార్చి 2

రోజా ఉన్నాను.

మార్చి 3

రోజా ఉన్నాను. షాపులో ఒక కస్టమరు మీద అరిచాను. ఫోను అద్దం వంకర వచ్చింది. చేతులు నిలకడగా లేవు. నీళ్ళు లేక కాబోలు.

మార్చి 4

రోజా ఉన్నాను.

బిర్యానీ గిన్నె మూత తీసినప్పుడు ఆవిరి ముక్కులోకి పోతుంది. వంటవాడి రోజా పోతుందా? పోదు. ఇస్త్రీ షాపులో మా ఊరి మహబూబ్ బీ కొడుకు రోజంతా ఆవిరిలోనే నిలబడతాడు. వాడిదీ పోదు.

మార్చి 5

రోజా ఉన్నాను.

మార్చి 6

రోజా ఉన్నాను. ఎవరినీ అడగలేదు ఆవిరి సంగతి. మసీదులో అడిగితే చెప్పేవారు. అడగలేదు.

మార్చి 7, శుక్రవారం

ఎలా రాయాలి ఇది.

ఖైతాన్ మసీదు పక్కన ఇఫ్తార్ టెంటు. మామ సాల్మియా నుంచి నాకోసం వచ్చాడు. రామాంజులును కూడా తీసుకెళ్ళాం, అక్కడ ఎవరినీ కాదనరు. బారుగా పరిచిన ప్లాస్టిక్ గుడ్డ ముందు కూర్చున్నాం. ఖర్జూరాలు, లబన్ మజ్జిగ, పళ్ళెంనిండా అన్నం. అజాన్‌కు ఇంకా కొంచెం టైముంది. మామ పక్కనున్న కడపవాళ్ళతో నన్ను చూపించి మొదలుపెట్టాడు.

"మా అల్లుడు. వీడే నా సిగరెట్లు మాన్పించినాడు. వీడు మాత్రం జన్మలో ముట్టి ఎరగడు. తొమ్మిదో ఏట నుంచి ఒక్క ఒక్కపొద్దు తప్పినోడు కాదు."

వాళ్ళు మాషా అల్లా అన్నారు. నేను మోకాళ్ళు ముడుచుకుని ముందుకు వంగాను. చొక్కా జేబు మోకాలికి తగిలి నొక్కుకుంది.

ముందు వేడి తెలిసింది. తర్వాత పుదీనా వాసన. కిందికి చూసుకుంటే తెల్ల చొక్కా జేబులో ఎర్రగా వెలుగుతోంది. బటన్ ఇరుక్కుపోయింది. అంతమంది మధ్య జేబులో చెయ్యి పెట్టి ఏం తీస్తాను? ఈ దేశంలో రంజాన్ పూట పగలు వేపుతో పట్టుబడితే పోలీసులదాకా పోతుంది. రొమ్ము కాలుతుంటే పళ్ళు బిగించి కూర్చున్నాను. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎదురుగా ఉన్న ముసలాయన నాది భక్తి అనుకుని తలూపాడు.

రామాంజులు నా చెవిలో, "అన్నా, జేబులో దీపం వెలుగుతాంది" అన్నాడు.

మామ ఇటు తిరిగి చూశాడు. తన భుజం మీది రుమాలు తీసి నా ఒళ్ళో వేశాడు. అజాన్ అయ్యింది. నా చేతిలో ఖర్జూరం పెట్టాడు. నేను దాన్ని నోట్లో పెట్టుకున్నాను, ఏ రోజా విడుస్తున్నానో నాకే తెలియకుండా.

నమాజు అయ్యాక బయట చెప్పుల దగ్గర నిలబెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"టెస్టు కోసం మామా..."

"నేను ముప్పై ఏండ్లు తాగినోణ్ణిరా. నాకు చెప్తావా?" గొంతు పెంచలేదు. "ఎర్రదెందుకు పెట్టుకున్నావు?"

"వెలిగితే పనిచేస్తున్నట్టు."

"నాది నొక్కితే పోతాది, నాకు బాధ. నీది నొక్కితే వెలుగుతాది, నీకు సంబరం. ఇట్ల కట్టుకుంటే ఎట్ల మానతావురా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి.

"సైరాకు నేను చెప్పను. నువ్వే చెప్పాల" అని కారెక్కి వెళ్ళిపోయాడు.

రొమ్ము మీద బొబ్బ లేచింది.

మార్చి 9, ఆదివారం

సైరాకు ఇవాళ సెలవు. నేనే ఫోన్ చేశాను.

"జలుబు లేదు సైరా" అన్నాను.

"తెలుసు."

"మామ చెప్పినాడా?"

"ఎవరూ చెప్పలే. నెల జలుబున్న మనిషి ఒక్కసారన్నా తుమ్మాల గదా? నువ్వు ఒక్క తుమ్ము తుమ్మలే."

తుమ్మాలన్న సంగతి నాకు తట్టలేదు!

"మరి ఏందో చెప్పు" అంది.

"టెస్టు చేస్తా చేస్తా..."

"ఆ మాట కాదు."

"ఆవిరి..."

"అదీ కాదు." ఆమె ఊపిరి వినిపిస్తోంది. "మా నాయన ముప్పై ఏండ్లల్లో ఒక్కరోజు గూడా తాగినా అన్లేదు. పక్కనోడు తాగినాడు, వాసన నాకు అంటుకునింది అనేవాడు. ఊరికి వచ్చినప్పుడల్లా మాయమ్మ ఆయాసపడుకుంటా ఆయన చొక్కాలు వాసన చూసేది. పదేండ్లు వచ్చినాక ఆ పని నాకు అప్పజెప్పింది. నేను నీ చొక్కాలు వాసన చూసుకుంటా బతకలేను వసీమ్. పొగ కంటే అదే నాకు భయం. ఆ మాట నీ నోట్లోంచి రానీ. నిఖా సంగతి తర్వాత చూద్దాం."

ఆ మాట అనడానికి నోరు తెరిచాను. రాలేదు. పెట్టేసింది.

మార్చి 11

టీచరు కదా, అందరినీ బెంచీ ఎక్కిస్తుంది. ఏం, నేనేం మనిషిని చంపానా? వాళ్ళ నాయనకు ఊపిరి ఇచ్చింది ఎవరు?

మార్చి 13

మామ ఫోన్. పండగకు నిఖా వద్దని సైరా వాళ్ళమ్మకు చెప్పేసిందట. టికెట్ తీయొద్దన్నాడు.

మార్చి 14, శుక్రవారం

నమూనాను పారేయబోయాను. చెత్తడబ్బా దాకా వెళ్ళాను. రామాంజులు వెనక నుంచి, "పారేసి ఏం లాభమన్నా? రేపు ఇంకోటి చేస్తావు. నీకు చేతనవుతాది గదా" అన్నాడు.

నా చేతులను ఎవడైనా మెచ్చుకుంటే ఇలా గుచ్చుకోవడం ఇదే మొదటిసారి. దాంట్లోని బ్యాటరీ సెల్లు తీసి వాడికిచ్చాను. అడిగినా ఇవ్వద్దని చెప్పాను.

మార్చి 18

నిన్న అడిగాను. ఇవ్వలేదు. బూతులు తిట్టాను. ఇవ్వలేదు. మంచివాడు.

మార్చి 19

నాలుగు రోజులు! నిజంగా నాలుగు రోజులు. తలనొప్పి, నిద్ర లేదు, అయినా ఉన్నాను. రోజా కూడా నిజంగా ఉన్నాను. ఛాతీ విరుచుకుని సైరాకు ఫోన్ చేశాను.

"మానేశాను" అన్నాను.

"ఏది?"

"అదే."

"అదే అంటే?"

"అదే సైరా, నీకు తెలుసు కదా."

"తాగనిది ఎట్ల మానేస్తావు?" అని పెట్టేసింది.

ఒళ్ళు మండింది. ఒక్క మాట కోసం ఇంత పట్టుదలా? మనిషి మానేసి వస్తే శభాష్ అనకుండా!

మార్చి 24

షాపులో పాత బ్యాటరీ సెల్లు ఒకటి కనిపించింది.

మార్చి 25

రాయను.

మార్చి 30, ఆదివారం, ఈద్

నమాజుకు జనం మసీదు బయట రోడ్డు దాకా నిండిపోయారు. మామ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు, నాకూ ఒకటి తెచ్చాడు. అత్తరు రాశాడు. నా నిఖా మాట ఎవరూ ఎత్తలేదు. శీర్‌ఖుర్మా రామాంజులు వండాడు, సేమ్యాలు ముద్దయిపోయాయి, అయినా మామ రెండు గిన్నెలు తిన్నాడు.

తిన్నాక నేను బాత్రూంలోకి వెళ్ళాను. సెల్లు పెట్టాను. నొక్కాను. ఎర్రగా వెలిగింది. పండగ రోజు, కొత్త చొక్కాలో, తలుపు గడియ వేసుకుని. అద్దంలో చూసుకుంటే నోట్లోంచి వస్తున్నది ఆవిరిలాగా లేదు. మా మామ నోట్లోంచి ముప్పై ఏళ్ళు వచ్చినట్టే ఉంది.

బయటికొచ్చి మామ ముందరే ఫోన్ చేశాను. స్పీకరు పెట్టాను. అక్కడ పండగ రేపు, అప్పుడే అవతల పిల్లల గోల, గిన్నెల చప్పుడు. పండగ ముబారక్ అంది, పొడిగా.

"సైరా, ఇప్పుడే తాగినా" అన్నాను.

గోల అలాగే వినిపిస్తోంది.

"బాత్రూంలో తాగినా. వేపు. నీకు మానేశానని చెప్పినాక గూడా తాగినా. ఒక్కపొద్దు రోజుల్లో తాగినా, షాపు వెనక గదిలో. మొదటి నుంచి తాగుతానే ఉండా. టెస్టు అంతా ఉత్తది."

మామ కళ్ళు తుడుచుకున్నాడు. రామాంజులు గరిటె పట్టుకుని నిలబడిపోయాడు.

అవతల తలుపు మూసిన చప్పుడు, తర్వాత ఆమె గొంతు. "ఇంట్లో చుట్టాలుండారు. సాయంత్రం మాయమ్మతో తారీఖు మాట్లాడతా."

నాకు అర్థం కాలేదు. "తాగినా అన్నా గదా సైరా?"

"ఇన్నాలే. చెవుడు లేదు నాకు." గోలచేస్తున్న పిల్లలను కసిరింది. "తారీఖు ఎప్పుడో నేను చెప్తా. అప్పటిదాకా రోజూ ఫోన్ చెయ్యి. తాగితే తాగినా అను, లేకపోతే లేదను. వాసన చూసే పని మాత్రం నాకు పెట్టద్దు."

మామ నా వీపు మీద ఒక్క దెబ్బ వేశాడు, ఇల్లు అదిరేలా. ఇన్నేళ్ళలో ఆయన నన్ను కొట్టడం ఇదే మొదలు. తర్వాత ఫోను లాక్కుని, "సైరమ్మా, నేను గూడా తాగినానమ్మా, ముప్పై ఏండ్లు. పక్కనోడు కాదు, నేనే" అన్నాడు.

అవతల ఆమె ఏడ్చేసింది. మేం ముగ్గురం ఫోను చుట్టూ నిలబడి విన్నాం.

సాయంత్రం ఖైతాన్ వీధిలో కొత్త చొక్కాతో అటునుంచి ఇటు నడిచాను. అన్ని రిపేరు షాపుల ముందూ నడిచాను. ఎవరికీ ఏం చెప్పలేదు, అయినా నడక అదోలా వచ్చింది.

మార్చి 31

షాపు తెరవకముందు ఒకసారి తాగాను. మధ్యాహ్నం తాగలేదు. ఇప్పుడు సైరాకు ఫోన్ చేస్తున్నాను.